ఆషాఢం వడియాలు

మద్రాసు నుంచీ బెంగళూరు నుంచీ మా ఇంటికి వచ్చేవాళ్లంతా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. రాజగోపాలయ్యగారు కీర్తనలు ఎక్కడ కూర్చుని కట్టేవారమ్మా అని. నేను దేవుడి గది చూపించేదాన్ని. అట్లా చూపించమని మా ఆయనే చెప్పారు. వాళ్లు ఆ గోడలకు దండం పెట్టుకుని, మూలనున్న తంబురాకు ఫొటోలు తీసుకుని పోయేవారు. నిజం చెప్పొద్దూ, ఆ గదిలో ఆయన కట్టిన పాట ఒక్కటి లేదు. పొద్దున దీపం పెట్టి, నాలుగు శ్లోకాలు చదివి, కాఫీ అయిందా అని కేకేయడానికి తప్ప అక్కడ ఆయన నోరు తెరవగా నేను చూడలేదు.

పాటలన్నీ మేడ మీద పుట్టాయి. వడియాల కాపలాలో.

నవ్వితే నవ్వండి. మాది బళ్లారి పెద్ద బజారులో బట్టల కొట్టున్న ఇల్లు. నేను కాపురానికి వచ్చేసరికి ఆయన కొట్లో కూర్చునేవారు. గుడ్డ కొలుస్తూ కొలుస్తూ ఏదో రాగం అందుకుని, కత్తెర ఒకచోట పెట్టాల్సింది ఇంకోచోట పెట్టేసేవారు. మా మామగారు చూసి చూసి, నువ్వు కొట్లో ఉంటే నాకు నష్టం, ఇంటికి పోయి కాకులన్నా తోలు అని పంపించేశారు. అది వేసవి. మేడ మీద మా అత్తగారు పెట్టిన గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. గొడుగు కింద కూర్చుని, నల్లగుడ్డ కట్టిన కర్ర పట్టుకుని ఆయన మొదటి కీర్తన కట్టుకున్నారు. సాయంత్రం కిందికి దిగి వచ్చి అదే పాడితే మా అత్తగారు, వడియాలు తిరగేశావా లేదా అని అడిగింది.

అప్పటి నుంచి ఏటా అంతే. ఉగాది దాటగానే నేను వడియాలు పెట్టడం, ఆయన కర్ర పట్టుకుని మేడెక్కడం. మిగతా సంవత్సరమంతా ఆ పాటలను దిద్దుకోవడం, వచ్చిన శిష్యులకు చెప్పుకోవడం. ఆయన కాంభోజి కీర్తన ఒకదానిలో అనుపల్లవి మధ్యలో పాట కాసేపు ఆగిపోతుంది. పెద్ద పెద్ద విద్వాంసులు అక్కడ కళ్లు మూసుకుంటారు. ఆ మౌనం గురించి ఎవరో వ్యాసం కూడా రాశారు. అక్కడ జరిగింది ఏమిటంటే, ఒక కోతి వచ్చి సగ్గుబియ్యం వడియాల మీద దూకింది. ఈయన కర్ర తీసుకుని వెంటబడ్డారు. తిరిగొచ్చి కూర్చునే దాకా పాట ఆగింది. ఆగడం బాగుందని అట్లాగే ఉంచేశారు.

నేను చెప్పబోయేది ఆయనకు గుండెనొప్పి వచ్చిన ఏడాది సంగతి. మాఘంలో వచ్చింది. బెంగళూరు తీసుకుపోయి స్టెంటు వేయించుకొచ్చాం. ఎండ వైపు కన్నెత్తి చూడకూడదు, మెట్లు ఎక్కకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పి పంపించాడు. మా అబ్బాయి గురుప్రసాద్, ఇప్పుడు కొట్టు వాడిదే, వాళ్ల తాత చీరలమ్మిన చోట జీన్సు ప్యాంట్లు టోకున అమ్ముతాడు. వాడు ముందు గదికి ఏసీ పెట్టించాడు. కొత్త మంచం, కొత్త పరుపు, కిటికీలకు మందంగా కర్టెన్లు. తండ్రంటే వాడికి ప్రాణం, అది నేను కాదనను.

ఉగాది వచ్చింది. ఈ ఏడు వడియాలు లేవు అని నేనే అన్నాను. ఎవరూ చెప్పలేదు నాకు. మేడ మీద వడియాలు ఉంటే ఆయన కింద ఉండరు, అంతే లెక్క. మా కోడలు అనుష బజారు నుంచి ప్యాకెట్ల వడియాలు తెచ్చింది. వేయించాను, తిన్నాం. సుద్దముక్కలు నమిలినట్టున్నా నేను నోరు మెదపలేదు. నేను నోరు మెదపకుండా అన్నం తిన్నానంటే మా ఇంట్లో అది చిన్న విషయం కాదు.

ఆ రోజుల్లోనే బిందుశ్రీ ఫోన్ చేసింది. సిరుగుప్ప దగ్గర వరి పొలాలున్న కోస్తా వాళ్ల పిల్ల. లంగా ఓణీ వేసుకునే వయసులో మా ఇంటికి పాఠానికి వచ్చేది. ఇప్పుడు మద్రాసులో పేరున్న గాయని. డిసెంబరు కచేరీలో అన్నీ గురువుగారి కీర్తనలే పాడతానని, అందులో ఒక్కటన్నా కొత్తది కావాలని అడిగింది. దానిదేం భాగ్యం తల్లీ అన్నారు ఈయన.

అన్నారు కానీ పాట రాలేదు. చల్లటి గదిలో తలుపు మూసుకుని, తంబురా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. చైత్రం పోయింది, వైశాఖం పోయింది. బయట బళ్లారి ఎండ రోడ్డు మీద తారు కరిగిస్తోంది, లోపల ఆయన శాలువా కప్పుకుని కూర్చున్నారు. మధ్యమధ్య ఒక ముక్క అందుకునేవారు. అది పాతదే అయ్యేది. తనకే తెలిసి చప్పున ఆపేసేవారు.

అది కాదు నన్ను భయపెట్టింది. ఆయన మంచివాడైపోయారు. కాఫీ ఇస్తే, చాలా బాగుంది లక్ష్మీ, శ్రమపడినావు అన్నారు. నేను గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. పెళ్లైన కాడి నుంచి నా కాఫీకి ఆయన ఇచ్చిన బిరుదులు రెండే, చక్కెర తక్కువ, చక్కెర ఎక్కువ. చారులో ఉప్పు మరిచిపోతే మరిచిపోయావనీ అనలేదు. అన్నం పెట్టినా దండం పెట్టేటట్టు చూస్తున్నారు. మన ఇంటి మనిషి మనింట్లోనే చుట్టపుచూపుగా వచ్చినట్టుంటే ఎట్లా ఉంటుందో చెప్పండి.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక పక్కన కూర్చున్నాను. పాట యాడికీ పోదు, వస్తాదిలెండి అన్నాను.

“యాడికి వస్తాది లక్ష్మీ? ఈ గదికి కాకులు గూడా రావు,” అన్నారు.

జ్యేష్ఠం చివర తొలకరి పడింది. డాక్టరు మళ్లీ చూసి, ఎండ లేనప్పుడు మెల్లగా మెట్లెక్కొచ్చు అన్నాడు. గురుప్రసాద్ సంబరపడి మేడ మీద కుర్చీ వేయించాడు. మా మేడ మీంచి కొండ మీది కోట కనిపిస్తుంది. చల్లగాలిలో కోటను చూస్తూ కూర్చో నాయనా, పాట దానంతటదే వస్తాది అని చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. కాసేపటికే ఆయన తిరిగి దిగి వచ్చారు.

“ఆడ కూచుని ఏం చేయాల? దేనికి కాపలా?” అన్నారు.

వాడు నా ముఖం చూశాడు. కూర్చుని గాలి పీల్చుకోవడం ఆయనకు రాదని వాడికి నేనెట్లా చెప్పను. వ్యాపారస్తుల ఇంట పుట్టి కొట్టుకు పనికిరాడు అనిపించుకున్న మనిషి. చేతిలో ఒక పని ఉంటేనే, ఆ పని చాటున దొంగతనంగా పాట కట్టుకోవడం ఆయనకు అలవాటు. కేవలం పాట కోసమే కూర్చోవడం ఆయనకు సిగ్గు. ఇంత పేరొచ్చాక కూడా పోని సిగ్గది.

ఆ మర్నాడు ఆయన బిందుశ్రీకి ఫోన్ చేశారు. నేను వంటింట్లో ఉన్నాను. ఉన్నవే పాడమ్మా, కొత్తది నాతో కాదు అంటున్నారు. ఆ పిల్ల ఏమందో మరి. “లేదమ్మా. నాకు ఐపోయినాది,” అని పెట్టేశారు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదంటే చెప్పలేను. డాక్టరు మీద, ఏసీ మీద, సూర్యుడి మీద, వడియాలు లేవన్న నా నోటి మీద. ఐపోవడమేమిటి. స్టెంటు వేయించుకుని తెచ్చుకున్నది గుండెను కొట్టుకునేటట్టు చేయడానికి ఒక్కదానికేనా. పాట లేని ఆ మనిషిని పక్కన పెట్టుకుని నేనెట్లా బతకాలి. ఆ మాట పైకే అనుకున్నాను, అనుష విన్నది కూడా.

అప్పటికే ఆషాఢం వచ్చింది. మా వైపు ఆషాఢం మీకు తెలుసో లేదో, వాన తక్కువ, గాలి ఎక్కువ. సండూరు వైపు నుంచి ఎర్రదుమ్ము మోసుకొస్తుంది. ఆకాశం ముసురు పట్టి ఉంటుంది, సూర్యుడు ఉన్నాడో లేడో తెలీదు. కూరల బండి ఉరుకుందప్ప వస్తే మంచి ముదురు బూడిద గుమ్మడికాయ తెమ్మన్నాను. వాడు ఆశ్చర్యపోయి, ఇంటికి దిష్టికాయ కట్టుకోవడానికైతే ఇంత పెద్దది ఏంటికమ్మా అన్నాడు. దిష్టికే అన్నాను. అబద్ధమేం కాదు.

మినప్పప్పు నానబోస్తుంటే అనుష గారెలనుకుంది. గుమ్మడి ముక్కలకు ఉప్పు రాసి, గుడ్డలో మూటగట్టి, నీళ్లు కారిపోవడానికి పైన రుబ్బురోలు పొత్రం పెట్టాక దానికి అర్థమైంది. అత్తా, ఆషాఢంలోనా అంది మెల్లగా. ఆ తర్వాత ఒక్క ముక్క అడగకుండా పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంది. దాని మీద నాకు అభిమానం మొదలైంది ఆ పూటే.

గురుప్రసాద్ ఊరుకోలేదు. ఎండవని, బూజు పడతాయని, వీధిలో నలుగురూ నవ్వుతారని అన్నాడు. నవ్వితే పళ్లు రాలవులే అన్నాను. అసలు సంగతి అది కాదని ఇద్దరికీ తెలుసు. నాయన మళ్లీ రోజంతా మేడ మీద కూర్చుంటే ఏమన్నా అయితే అన్నాడు.

“డాక్టరు ఎండొద్దన్నాడు. ఎండ యాడుండాది, చూపించు,” అన్నాను.

“నీకు నాయన కావాల్నా, పాట కావాల్నా?”

“ఆ రెండూ వేరేవేరేగా నువ్వెప్పుడు చూసినావురా?”

వాడు టిఫిను తినకుండా కొట్టుకు పోయాడు. అయినా పిండి రుబ్బుకున్నాను.

మేడ మీద ఆయన పాత పంచె పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టి, వడియాలు పెడుతున్నాను. పక్క మేడ మీద బట్టలు ఆరేస్తున్న వీరభద్రప్ప భార్య నీలమ్మ చూసింది. “ఏనమ్మా ఇదు, ఆషాఢదల్లి సండిగెనా?” అని, ఆషాఢంలో వడియాలేమిటన్నట్టు, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మీకు తెలియాల్సిందేమిటంటే, మా వీధిలో కొత్త కోడళ్లను వడియాలు నేర్చుకోమని నా దగ్గరికి పంపేవారు. ఎండ ముదరకముందే తొందరపడి పెట్టిందని ఇదే నీలమ్మను నేను నలుగురి ముందూ కడిగేశాను ఒకసారి. ఇప్పుడు ఆమె కోడలిని కూడా పైకి పిలిచి చూపించింది. వాళ్లిద్దరి నవ్వూ వినపడుతూనే ఉంది. చెవులు కాలిపోతున్నా తలెత్తకుండా వడియం పక్కన వడియం వరసగా పెట్టుకుంటూ పోయాను.

కిందికి దిగి ఆయనతో మామూలుగా, ఏమీ లేనట్టు చెప్పాను.

“మేడ మీద వడియాలు పెట్టినా. నాకు కింద పనుండాది. కాకులు వస్తాండాయి, ఎవరన్నా చూడాల.”

ఆయన నా వైపు ఒకసారి చూసి లేచారు. మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కారు. వెనకే నేను. పైకెక్కి, పంచె దగ్గర నిలబడి, వంగి ఒక వడియాన్ని వేలితో తాకి చూశారు. పచ్చిపిండి వేలికి అంటుకుంది. ఆకాశం చూశారు. కుడతిని వైపు నుంచి మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. తర్వాత నన్ను చూశారు. నా కోసం ఇదంతా చేస్తున్నావా అని ఒక్క మాట అన్నా, జాలిగా నవ్వినా, అంతటితో అయిపోయినట్టే. ఆయన మళ్లీ ఆ చల్లగదికి పోతారు, ఇక రారు.

“ఎండుతాయంటావా?” అన్నారు.

“ఎందుకెండవు,” అన్నాను.

ఒక కాకి వచ్చి పిట్టగోడ మీద వాలింది. తల అటూ ఇటూ తిప్పి పంచె వైపు ఒక్కో అడుగూ వేస్తోంది.

“కాకికి తెలీదులే, ఎండవని,” అన్నారు ఆయన. చుట్టూ వెతుకుతూ, “కర్ర యాడ పెట్టినావు?” అన్నారు.

మొదట్లో పాటేమీ రాలేదు. ఊరికే కాకులు తోలారు. కింద అన్నానికి వచ్చి, ఇవి మనుషులు తినే వంకాయలేనా అని నన్ను కేకలేశారు. నేను వంటింట్లోకి పోయి పైట చెంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. వడియాల సంగతైతే చెప్పుకోవడానికి లేదు. చినుకు పడితే ఆయనా నేనూ అనుషా పరిగెత్తి పంచెకు మూడు మూలలు పట్టుకుని మెట్లగదిలోకి చేర్చడం, చినుకు ఆగితే మళ్లీ బయట పరచడం. పులిసిన వాసన వేశాయి. తర్వాత నల్లటి బూజు వచ్చింది. నేను మెల్లగా అవి గోకి పారేసి, ఆయన చూడనట్టు కొత్తవి పెట్టేదాన్ని. ఆయన చూడనట్టు ఉండేవారు. పప్పు నానబోయడం అనుష చూసుకునేది, నేను చెప్పకుండానే. గురుప్రసాద్ మాత్రం నాతో ముభావంగానే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం నేను అట్లకాడ పట్టుకుని పైకి పోతుంటే సగం మెట్ల మీద ఆగిపోయాను. కూనిరాగం. పాతది కాదు. అన్నేళ్లుగా ఆయన పాతవన్నీ నా చెవుల్లో ఉన్నాయి, ఇది వాటిలో లేదు. ఒకే చోట తిరుగుతోంది, తప్పిపోతోంది, మళ్లీ మొదటికి వస్తోంది. మధ్యలో హుష్ అని కాకిని తోలడం. చివరికి పల్లవి మొత్తం ఒకసారి, గొంతెత్తి.

తొందర పడకుమయ్యా సూర్యనారాయణా, తొందర పడకుమయ్యా.

నేను మెట్టు మీదే కూలబడి ఏడ్చాను. అట్లకాడ జారి కింది మెట్టు మీద పడింది. దాన్ని ఎవరో అందుకున్నారని తల తిప్పి చూస్తే గురుప్రసాద్. భోజనానికి వచ్చినట్టున్నాడు, ఒక చేతిలో చెప్పులు, ఒక చేతిలో నా అట్లకాడ. వాడూ అక్కడే కూర్చుండిపోయాడు. వాడు నా పాదం మీద చెయ్యి వేసి అట్లాగే ఉంచాడు.

పైనుంచి పాట ఆగింది. “ఎవరుండారప్పా కింద? వాన వస్తాండాది, రండి,” అని కేక. మేమిద్దరం ముఖాలు తుడుచుకుని పరిగెత్తాం. ఆ పూట పంచెకు నాలుగో మూల వాడే పట్టుకున్నాడు.

శ్రావణం రాకముందే బిందుశ్రీ వచ్చింది పాట నేర్చుకోవడానికి. ఆయన ఆ పిల్లను మేడ మీదే కూర్చోబెట్టి, కర్ర చేతికిచ్చి, పాట చెప్పారు. మద్రాసు సభల్లో పట్టుచీర కట్టుకుని పాడే మనిషి, మా మేడ మీద కాకులను తోలుతూ తాళం తప్పకుండా చరణం అప్పజెప్పింది. వంటింట్లోకి మంచినీళ్లకు వచ్చినప్పుడు గొంతు తగ్గించి, “అమ్మగారూ, ఈ ముసురులో అవి ఎండవు కదండీ,” అంది.

“నీకు పాట వచ్చిందా లేదా? అది చూసుకో,” అన్నాను.

డిసెంబరు కచేరీకి నేను పోలేదు. అనుష ఫోనులో పెట్టి వినిపించింది. ఆ పాటకు బాగా పేరొచ్చింది. జీవితపు సాయంకాలంలో ఉన్న భక్తుడు, అప్పుడే అస్తమించవద్దని సూర్యుణ్ణి వేడుకుంటున్నాడని పేపర్లో రాశారు. ఆయన అది నాకు చదివి వినిపించి, నిజమే కదా అన్నారు. నేను నిజమే అన్నాను. అస్తమించడం గురించి కాదు, ఆ సూర్యుణ్ణి మబ్బు చాటు నుంచి బయటికి రావద్దన్నారని మా ఇద్దరికీ తెలుసు. ఎండ వస్తే వడియాలు ఎండిపోతాయి. ఎండితే కాపలా అక్కర్లేదు. ఆ మాట మేము ఒకరితో ఒకరం ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన ఆ తర్వాత కొన్నేళ్లున్నారు. ఏటా వేసవంతా ఓపిక పట్టి ఆషాఢంలోనే వడియాలు పెట్టాను. ఒక్క ఏడూ ఎండలేదు. వీధివాళ్లకు అలవాటైపోయి నవ్వడం మానేశారు.

ఆయన పోయిన ఏడాది ఇంట్లో వడియాలు పెట్టకూడదన్నారు, పెట్టలేదు. సంవత్సరీకాలు అయిపోయాయి. ఈ ఏడు అనుష పట్టుబట్టి ఉగాది కాగానే పప్పు నానబోసింది. చైత్రం ఎండకు వడియాలు తెల్లగా, గలగలలాడుతూ ఎండాయి. నేను పెట్టినవాటిలో అంత బాగా ఎండినవి ఎన్నడూ లేవని నీలమ్మ కూడా అన్నది. వీధంతా పంచిపెట్టాను. ఇంట్లో ఒక్కటీ ఉంచుకోలేదు.